నీళ్లిచ్చింది ఎవరు

రాబర్ట్‌సన్‌పేట,
14 మార్చి 1979.

ప్రేమరాజన్నకు అంబుజ నమస్కారాలు. ఫ్లోరా వదినకు మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. ఇక్కడ మేము పొద్దున అంగడి తీస్తున్నాం, సాయంత్రం మూస్తున్నాం. దాన్నే క్షేమం అనుకోండి.

తీర్పు వచ్చి నెలయింది. మీరు మా వీధికే రావడం మానేశారు. నిన్న గని సైరన్ మోగాక షిఫ్టు దిగినవాళ్లంతా అంగడి ముందునుంచే పోయారు, మీరు మాత్రం పక్క సందులోకి తిరిగారు. నేను చూశాను. మీకోసం మా ఆయన వేసి ఉంచిన స్టూలు అక్కడే ఉంది. దానిమీద ఎవరూ కూర్చోవడం లేదు.

ప్రేమరాజు దొంగ సాక్ష్యం చెప్పి కేసు చెడగొట్టినాడు, లేకుంటే ఆ కాంట్రాక్టరు కొడుకు జైల్లో ఉండేవాడు అని ఊరంతా అంటోంది. తాగి జీపు నడిపి నా మొగుణ్ణి చంపినవాడు కోర్టు బయట సోడా తాగి ఇంటికి పోయాడట. మా మరిది శ్రీకంఠయ్య వచ్చి అంతా చెప్పాడు. వాడు చెంబు జారవిడిచినాడంటివే, మరి వానికి నీళ్లిచ్చింది ఎవరప్పా అని వాళ్ల లాయరు అడిగితే మీరు తల వంచుకున్నారట. ఆ తర్వాత అతను గని టోకెన్ల పుస్తకం తీసి, ఆ మధ్యాహ్నం మీరు భూమి కింద పనిలో ఉన్నారని చూపించాడట.

వాడు తాగి చెంబు జారవిడవడం దారినపోయే మనిషి ఎవరో చూశాడని, కోర్టుకు మాత్రం రానన్నాడని మీతో చెప్పింది నేనే. ఆయప్ప రాకుంటే నేను చూసినానని చెప్తానమ్మా, నాగేంద్రప్ప నాకు తమ్ముడు కాదా అన్నారు మీరు. నేను వద్దనలేదు.

ఇంగ వదిలెయ్యమ్మా, పోయినోడు వస్తాడా అంటారు మామగారు. భోజనాల దగ్గర మా ఆయన పేరెత్తితే అందరికీ ఒక్కసారే మజ్జిగ కావాలి. ఆయన గురించి మాట్లాడుకోవడానికి నాకు మీరొక్కరే ఉండేవారు.

సోమవారం కోలారులో పెద్ద వకీలును కలవబోతున్నాను. పై కోర్టుకు పోతాను. మామగారికి చెప్పేశాను. మీరు రావాలి. సాక్ష్యానికి కాదు, తోడుకు.

ఇట్లు,
మీ చెల్లెలు
అంబుజ

తా.క.: దారినపోయే మనిషి ఎవరూ లేరన్నా. జీపు చప్పుడుకు బయటికి వచ్చింది నేను. బజారంతా ఖాళీ. వాడు జీపు దిగి మా మెట్టు మీద కూలబడి నీళ్లడిగాడు. ఎండదెబ్బేమో అనుకుని చెంబు అందించాను. గుప్పున సారా వాసన కొట్టింది. చెంబు వాడి చేతిలోంచి జారి దొర్లిపోయింది. తీయడానికి వంగితే జీపు కింద ఆయన చెప్పు కనిపించింది. ఆయన్ను చంపినవాడికి నా చేత్తో నీళ్లిచ్చానని ఎవరితో చెప్పుకునేది? మీరు తల వంచుకున్న ఆ ప్రశ్నకు ఈసారి జవాబు నేను చెప్తాను.