భాగ్యవతి గారి కారు ఆట

కృష్ణా జిల్లా నూజివీడు కాపురస్తురాలిని, మామిడి వ్యాపారి కీర్తిశేషులు మాజేటి రాఘవయ్య గారి భార్యను, యాభై తొమ్మిదేళ్ళ భాగ్యవతిని నేను. పూర్తి తెలివితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా వ్రాయించిన వీలునామా ఇది. తెలివి సంగతి మా మరిది ప్రభాకరరావు ఒప్పుకోడు. అందుకని ముందు అదే చెబుతాను.

1. 1985లో మా వారు మద్రాసు బర్మా బజారులో టీవీకి తగిలించే కారు పందెం ఆట కొని తెచ్చారు. మాకు కారు లేదు. ఇద్దరికీ సైకిలు తొక్కడం కూడా రాదు. ఆయన మీట తిప్పుతుంటే నేను "లారీ, లారీ!" అని అరిచేదాన్ని. ఆయన పోయి రెండేళ్ళు. ఇప్పటికీ రోజూ భోజనమయ్యాక అరగంట ఆడతాను. గెలవాలని కాదు. ఆ రోడ్డు అలా ఎదురొస్తూనే ఉంటుంది, అది నాకు బాగుంటుంది.

2. "వదినకి మతి పోయిందండీ, బొమ్మ కారుతో మాట్లాడుతోంది" అని ప్రభాకరరావు ఊరంతా చెప్పాడు. నిరుడు వేసవిలో రసాలు కొనే షావుకారంటూ ఒకాయన్ని ఇంటికి తెచ్చాడు. వచ్చినాయన కాయ తీసి ముచ్చిక దగ్గర వాసనైనా చూడలేదు. "ఇవాళ ఏం వారమండీ?" అని నన్నడిగాడు. పిచ్చివాళ్ళ డాక్టరని అప్పుడే పసిగట్టాను. మీట ఆయన చేతికిచ్చాను. మూడుసార్లు లారీని గుద్ది, "ఇంకొక్కసారి ఆడొచ్చాండీ?" అన్నాడు. వెళ్ళేటప్పుడు నా బుద్ధి నిక్షేపంగా ఉందని కాగితం రాయించుకున్నాను. జతపరిచాను.

3. మండీ, వెనక గోదాము మా ఆడపడుచు కూతురు కల్యాణికి చెందుతాయి. కాయ చేత్తో పట్టుకుంటే ఏ రోజుకు పండుతుందో చెప్పగలదు. తాళాలు మాత్రం ప్రభాకరరావు చేతికి ఒక్క పూటైనా ఇవ్వకూడదు.

4. ప్రభాకరరావుకు మా వారి చేతిగడియారం. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ ఒకే కంచంలో తిన్నారట. అతను చెప్పేవాటిలో ఆ ఒక్క మాటా అబద్ధం కాదనుకుంటాను.

5. ఈ పేరా తీసేయమని ప్లీడరు గారు రెండుసార్లు చెప్పారు. తీసేది లేదు. బుట్టల్లో గడ్డి పరిచి కాయలు సర్దే అచ్చమ్మది బాపులపాడు. మా వారు పోయాక నా పక్కన కూర్చుని ఆడేది. నాకన్నా బాగా నడిపేది. మొన్న ఉగాదికి ముందు ఆట క్యాసెట్టు కనిపించలేదు. ప్రభాకరరావే ఆమెచేత తీయించాడని అనుమానించి, మండీలో నలభై మంది కూలీల ఎదుట దొంగ అన్నాను. "నాకెందుకమ్మగారూ అది, మా ఇంట్లో కరెంటే లేదు" అని, చేతులకంటిన గడ్డి దులుపుకుని వెళ్ళిపోయింది. పది రోజులకు క్యాసెట్టు నా కుట్టుమిషను సొరుగులో దొరికింది. మరిది కంట పడకూడదని నేనే దాచి ఉంటాను. దాచినట్టు ఇప్పటికీ గుర్తు లేదు. బాపులపాడు వెళ్ళాను. మంచినీళ్ళిచ్చి, తన పనిలో పడిపోయింది.

గుర్తు లేదన్న ఈ మాట పట్టుకుని ప్రభాకరరావు కోర్టుకెక్కుతాడు. ఎక్కనీ.

6. అచ్చమ్మ ఇంటికి నా ఆస్తిలోంచి కరెంటు పెట్టించి, టీవీ, ఆట ఆమెకు అప్పగించాలి. వద్దంటే బలవంతం చేయొద్దు. తీసుకున్నా తీసుకోకపోయినా, పై అయిదో పేరాను కోతల రోజుల్లో, మండీలో కూలీలందరూ ఉన్నప్పుడు, కల్యాణి నిలబడి చదవాలి. ఆ రోజు నేను అరిచినంత గట్టిగా చదవాలి.

నూజివీడు, 29 ఏప్రిల్ 1988
(సంతకం) మాజేటి భాగ్యవతి

నా ఎదుట చదివి వినిపించగా విని, చూసి సంతకాలు చేసిన సాక్షులు:
1. క్రీస్తుదాసు, పోస్టుమాన్
2. రిబ్కమ్మ, నర్సు