కోసేసిన ముక్కలో అక్క

శంషాబాద్, 1949, బుధవారం

సేటు మా అక్కను సినిమాలోంచి కోయించాడు. కోసింది నేనే.

మా డేరా టాకీసుకు అరవ సినిమా వస్తే మాటలు తీసేసి పాటలు, కత్తియుద్ధాలు ఉంచుతాం. "తెల్వని మాటలు ఎవడింటడురా? కొయ్" అన్నాడు సేటు. ఈ వారం వచ్చిన అరవ సినిమాలో వేషం వేశానని అక్క మద్రాసు నుంచి ముందే ఉత్తరం రాసింది. పాటలో ఉంటుందిలే అనుకుని, చూడకుండానే కోశాను.

నిన్న అమ్మ సాతంరాయి నుంచి నడిచొచ్చి ఆట మొత్తం చూసింది. "గుర్రాలురికినయ్, పాటలైనయ్. నా బిడ్డేదిరా?" అంది.

పొద్దున ముక్కలన్నీ వెతికి ఎండకు పట్టి చూశాను. అక్క దొరికింది. నోరు తెరిచి ఏదో చెబుతోంది. అతికించినా ఆ మాట మాకు అర్థం కాదు. ఇప్పుడు అక్కను మలయాళం సినిమాకూ పిలిచారట. నా కోపం సేటు మీదా, నా మీదా, ఇంత దూరం పోయిన అక్క మీదా? ఏమీ తెలియడం లేదు.

"అతికిస్త సేటూ" అంటే "సూద్దాం తియ్" అన్నాడు.

చూద్దాం అంటే కుదరదు. అమ్మ శుక్రవారం దాకా ఇక్కడే ఉంటుంది. ఆనాటి ఆటలో అక్క కనబడాలి. కనబడనిస్తాడో లేదో, రేపు పొద్దుగూకేలోపు సేటు నాకు చెప్పాలి.