కాబోయే మామ సిలిండర్

2003 నవంబర్ 3, సోమవారం

ఈ రోజు మా టెస్టింగ్ స్టేషన్‌కు కాబోయే మామ వచ్చాడు. గోవిందప్ప, కావేరిపట్టణంలో సోడా అంగడి. టెంపోలో సోడాకు వాడే పాత గ్యాస్ సిలిండర్. కొత్త టెస్టు ముద్ర ఉంటే తప్ప గ్యాస్ నింపేది లేదని ఏజెన్సీ వాళ్లు అన్నారట. మన నళినే ఉండాది కదా, ఒక ముద్ర కొట్టించుకోని పోదామని వచ్చినానమ్మా, అన్నాడు. ఈ నెలలోనే నాకూ ఆయన కొడుకు గోకుల్‌కూ నిశ్చితార్థం. కాఫీ తెప్పించాను. ముద్ర మాటకు నవ్వి, సిలిండర్‌ను టెస్టుకు పెట్టించాను.

నవంబర్ 4

తూకంలో పాసైంది. కానీ గోరుతో గీరితే ఆకుపచ్చ కింద ఎరుపు, దాని కింద పసుపు! ఏటా ఆయుధపూజకు మామ కొత్త పెయింట్ వేసి, కుంకుమ పెట్టి, దిష్టి తీస్తాడట. పాత పెయింట్ గీకడు. అంగడి మొదలైంది ఈ సిలిండర్‌తోనే, దాని పేరే లక్ష్మి. లక్ష్మిని గీకుతారా?

నేను గీకించాను. మళ్లీ తూచాను. మెడ మీద చెక్కిన బరువు కంటే బాగా తక్కువ. లోపల తుప్పు తిన్న బరువంతా పైన పెయింట్ పూడ్చింది.

సాయంత్రం

నీళ్లు నింపి ప్రెషర్ పెట్టాను. ఉబ్బింది, తిరిగి తన కొలతకు రాలేదు. ఫెయిల్. ఇక మళ్లీ ఎవరూ వాడకుండా రూల్ ప్రకారం కోసెయ్యాలి. సంతకం నీదే, సంబంధమూ నీదే, ఆలోచించుకో అన్నాడు మేనేజర్ ద్వారకనాథ్. ఆలోచించడానికేముంది? పెట్టాను. ఇంటికొచ్చి మాత్రం ఏడ్చాను. గోకుల్ అంటే నాకు చాలా ఇష్టం.

నవంబర్ 5

మామ అగ్గి మీద గుగ్గిలం. ఇంట్లో కాలు పెట్టకముందే ఇంటి లక్ష్మిని కోస్తాననే పిల్ల మనకేల, అన్నాడట. గోకులే ఫోన్‌లో చెప్పాడు. మరి నువ్వేమన్నావయ్యా అంటే, నేను సోడా కొడతా ఉంటిని అన్నాడు. మొద్దు! ఇతని కోసమా నేను ఏడ్చింది?

నవంబర్ 8

ఫోన్ లేదు.

నవంబర్ 10

మామ, అత్త జయలక్ష్మమ్మ వచ్చారు. కోసేముందు పూజ చేయాలట. జేబులోంచి కర్పూరం తీశాడు! పక్క షెడ్డు నిండా ఆక్సిజన్ సిలిండర్లు. కాబోయే మామ అని కూడా చూడకుండా అరిచాను. చివరికి టెంకాయ, పూలతో సరిపెట్టుకున్నాడు.

కోశారు. మామ లోపలికి తొంగి చూశాడు. ఒకచోట ఇనుము అప్పడమంత పల్చన. వేలితో తడిమి, దీన్ని ఆనుకోనే కదా నేను దినామూ మధ్యాన్నం కునుకు తీసేది, అన్నాడు. అత్త అక్కడికక్కడే తిట్లు లంకించుకుంది. ఆయన నా వైపు చూడలేదు. టెంపో ఎక్కి వెళ్లిపోయారు. నిశ్చితార్థం జరుగుతుందో లేదో తెలీదు.

నవంబర్ 19

నిశ్చితార్థం. పట్టుచీరలో ఉన్న నన్ను పీట మీంచి లేపి మామ వంటశాలకు పిలుచుకుపోయాడు. గ్యాస్ సిలిండర్లన్నీ చూడమ్మా, ఆ పైననే పొయ్యి ముట్టించేది, అన్నాడు. ఒకదానికి గడువు తీరింది. వెనక్కి పంపాను. మధ్యాహ్నం మూడయినా భోజనాలు లేవు. చుట్టాలంతా నన్ను తిడుతున్నారు. మామ మాత్రం మీసం దువ్వుకుంటూ, మా కోడలు పాస్ చేసినాకనే సాపాటప్పా, అని పందిరంతా తిరుగుతున్నాడు.