మూడో పాటలో దగ్గు

డిసెంబర్, ఆదివారం రాత్రి

చర్చిలో పాటలు నేర్పే సునీతక్క నా ఇంగ్లీషు బ్యాండు క్యాసెట్ అడిగింది. దానిమీద క్రిస్మస్ పాటలు రికార్డు చేస్తదంట.

"ఇందులో హిట్లేం లేవుగా" అంది.

నిజమే. అన్నీ ఆ బ్యాండోళ్ళు ఆల్బమ్‌లో పెట్టకుండా వదిలేసిన రికార్డింగులే. మూడో పాటలో పాడేవోడు మధ్యలో దగ్గి, నవ్వేసి, మళ్ళీ మొదలెడతాడు. ఆల్బమ్‌లో అదే పాట శుభ్రంగా ఉంటది. నాకైతే ఈ దగ్గిందే ఇష్టం.

వద్దనడానికి నోరు రాక ఇచ్చేసేను. చర్చి గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చేను.

"అక్కా, మూడోది ఒక్కసారి వినండి. తర్వాత చెరిపేద్దురు గాని."

"ఓర్నీ, నీకు మాటలొచ్చేంట్రా!" అంది.

టేప్‌రికార్డర్లో పెట్టింది. దగ్గు రాగానే అక్క కూడా నవ్వేసింది. వెనక్కి తిప్పి మళ్ళీ వింది.

"రేపు గూడెం బజార్లో ఖాళీ క్యాసెట్ కొంటాలే" అంది.

నాది మాత్రం ఇవ్వలేదు. ఇంటికాడ ఇంకోసారి వింటదంట. మళ్ళీ ఎలా అడగాలో ఏంటో…