ముగ్గురికి సరిపోయే చోటు

ఏప్రిల్ 5, బుధవారం

రేపు నేనూ, మా ఆయన మర్వూ బయల్దేరుతున్నాం. మర్వ్‌కి ఇష్టం లేదు. ఈస్టర్ సెలవుల్లో ముర్రే నది ఒడ్డున చోటు దొరకడమంటే మాటలా, టెంట్లు వేసుకునే పార్కులో మన స్థలం కూడా పోయిందాయె అంటాడు. నిజమే, పోయింది. ఏటా వచ్చేవాళ్ళకే ఆ స్థలం. ఒక్క ఏడు మానితే వెనక కాచుకున్నవాళ్ళకి ఇచ్చేస్తారు. కిందటేడు మేము వెళ్ళలేదు. అప్పటికి మా అబ్బాయి బ్రోడీని మట్టిచేసి నెల కూడా కాలేదు. ట్రాక్టర్ తిరగబడింది, మా పొలంలోనే. ఇక రాయను.

పార్కు పోతే పోనీ. అడవిలో ఏటి పొడుగునా ఊరికే దిగే చోట్లున్నాయి. ముందెవరొస్తే వాళ్ళదే. టెంట్లలో పెరిగినదాన్ని, చోటు పట్టడం నాకొకరు నేర్పాలా?

ఏప్రిల్ 6, గురువారం, మధ్యాహ్నం

మొదటి ఇసుక తిన్నె నిండిపోయింది. పడవలు, కుక్కలు, జనరేటర్ల మోత. రెండోచోట మనుషులే లేరు, చెట్టుకీ చెట్టుకీ తాడు కట్టి తువ్వాళ్ళు ఆరేసి పోయారు. అంటే అదీ నిండినట్టే.

మూడోచోట పెద్ద నీలగిరి చెట్టు కింద బ్రహ్మాండమైన నీడ, ఖాళీ. ఖాళీగా ఎందుకుందో ఇక్కడ పుట్టినవాళ్ళందరికీ తెలుసు. ఆకు కదలకపోయినా ఆ చెట్టు కొమ్మ విరిగి పడుతుంది. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన జంట ఒకటి దాని కిందే హాయిగా టెంట్ విప్పుతున్నారు. దిగి వెళ్ళి చెప్పాను. ఆ అబ్బాయి నవ్వుతూ, ఇంత మంచి చోటు మాకు వదిలేశారేంటా అనుకుంటున్నామండీ అన్నాడు. తర్వాత తలెత్తి పైకి చూశాడు. నేను కారెక్కేలోపే మేకులు పీకేశాడు.

ఆ తర్వాత మర్వ్‌కి ఒకటి నచ్చింది. చదును నేల, పక్కనే నీళ్ళు. నేను పోనివ్వమన్నాను. దీనికేం రోగం అన్నాడు. ఒక్క టెంటే పడుతుందన్నాను. మనకున్నది ఒక్క టెంటే కదా నోలీన్ అన్నాడు. ముగ్గురికి సరిపోవాలన్నాను.

మర్వ్ గేరు వేశాడు.

సాయంత్రం ఐదు

దొరికింది! దొరుకుతుందని చెప్పానా?

ట్రెయిలర్ నేనే వెనక్కి పెట్టాను. మర్వ్‌కి వదిలితే క్రిస్మస్ వచ్చేస్తుంది. మా టెంట్ చెట్లకి దూరంగా వేశాం. బ్రోడీ కాన్వాస్ పడక, ఒక్కడికి సరిపోయే గుడారంలాంటిది, ఏటివైపు పరిచాను, వాడికి నీళ్ళ చప్పుడు వినపడాలి. దాని ముందు వాడి కుర్చీ వేశాను. మర్వ్ వచ్చి చూశాడు. తర్వాత సుత్తి తెచ్చి ఆ పడక మేకులు కూడా తనే దిగ్గొట్టాడు. పుల్లలు ఏరుకొస్తానని వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఏప్రిల్ 7, శుక్రవారం

పక్కన దిగిన పెద్దాయన కెల్విన్ చేప తెచ్చిచ్చాడు, ఇవాళ గుడ్ ఫ్రైడే, మాంసం తినం కదా. ఆ పడక ఎవరిది తల్లీ అని అడిగాడు. మా అబ్బాయిది అన్నాను. అబద్ధం కాదు.

ఏప్రిల్ 8, శనివారం, ఉదయం

కెల్విన్ మంచి హుషారు మీదున్నాడు. కుర్చీ వేసి ఉందంటే మనిషి వస్తాడని అర్థం, దాన్నెవరూ ముట్టుకోరు ఇక్కడ. అయినా పొద్దున కొందరు కారాపి నీ చోటు వంక చూశారు తల్లీ, ఆవిడ కొడుకు దారిలో ఉన్నాడు, కదలండి కదలండి అని తోలేశాను అన్నాడు. మీవాడొచ్చేదాకా నేను కాపలా ఉంటాలే, ఇంతకీ ఎప్పుడు బయల్దేరాడూ అన్నాడు.

టీ పొంగుతోందని వచ్చేశాను. మర్వ్ అంతా విన్నాడు. రొట్టె కోస్తున్నాడు, ముక్కలు ఇటుకల్లా వచ్చాయి.

సాయంత్రం

ఇది రాస్తాను.

టాపు మీద పరుపులు కట్టుకుని ఒక కారు వచ్చింది. ముందు సీట్లో టెగన్ అనే చిన్నది, నడిపేది ఆమె మొగుడు, వెనక ఇద్దరు ఆడపిల్లలు. పొద్దుటినుంచీ తిరుగుతూనే ఉన్నారట. కెల్విన్ దారికడ్డంగా చెయ్యెత్తి నిలబడ్డాడు, పోలీసులా. ఆ చోటు ఖాళీ లేదు, వాళ్ళబ్బాయి ఈ రాత్రికి దిగుతాడు అంటున్నాడు. టెగన్ పాపం క్షమించమంది, ఇంటికే పోదాం పద అంది మొగుడితో.

వెనక పెద్దపిల్ల ఏడుస్తోంది. చోటు కోసం కాదు. రేపు ఈస్టర్‌కి పిల్లల కోసం చాక్లెట్ గుడ్లు పెట్టిపోయే కుందేలుకి మనమెక్కడున్నామో ఎలా తెలుస్తుందని. కారు నంబరు చూసి గుర్తుపడుతుందిలేవే అన్నాడు తండ్రి. కుందేళ్ళకి చదువు రాదు నాన్నా అంది అది.

నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను. ఆ నవ్వులోనే మాట బయటికి వచ్చేసింది. వాడు రాడు కెల్విన్, నా కొడుకు చచ్చిపోయాడు అన్నాను. ఇన్నాళ్ళూ లేడు అన్నాను, పోయాడు అన్నాను. ఈ మాట ఎప్పుడూ అనలేదు.

కెల్విన్ టోపీ తీసేశాడు. అయ్యో తల్లీ, నేను ఊరూవాడా చాటానే అన్నాడు. టోపీ పెట్టుకుని ఆ కారు లోపలికి పెట్టించు ముందు, చీకటి పడుతోంది అన్నాను. టెగన్ వద్దండీ వద్దండీ అంటూ ఏడుపు మొదలెట్టింది. ఏడుపు తర్వాత, ముందు పరుపులు దించమన్నాను. ఆమె మొగుణ్ణి స్టీరింగ్ ఎడమకి తిప్పమంటే కుడికి తిప్పాడు. మర్వ్‌కి తమ్ముడిలా ఉన్నాడు.

పడక మర్వ్ చుట్టాడు. రెండో కొస నేను పట్టుకున్నాను. పట్టీ బిగించేటప్పుడు నా చేతిమీద చెయ్యి వేసి, ఇప్పటికి చెప్పావు అన్నాడు. అంతే.

ఏప్రిల్ 9, ఆదివారం

ఇంకా తెల్లవారలేదు. పక్క చోట్లో పిల్ల అమ్మా అని పిలిచింది. టెగనూ నేనూ ఇద్దరం లేచాం.