కోత పండుగలో వేలం పాడిన కందిపప్పును అమ్మకంగా ఒప్పుకోవలెనని

బంట్వారం,
వికారాబాద్ జిల్లా.

విద్యార్థి వ్యాపార ప్రోత్సాహక విభాగం డైరెక్టరు గారి దివ్య సముఖమునకు,

అయ్యా,

విషయం: నా బిడ్డ కుమారి నిరోషా కందిపప్పు వ్యాపారమును ‘అమ్మకములు లేవు’ అని కొట్టివేసిన ఉత్తర్వును రద్దు చేసి, రెండవ విడతలో చోటు ఇప్పించుట గురించి.

ముందుగా తమరికి, వికారాబాద్ కాలేజీ దాకా వచ్చి పిల్లలకు వ్యాపారం ముచ్చట చెప్పిన తమ సిబ్బందికి వేయి వందనములు. యూనివర్సిటీ వారు చదువుకునే పిల్లలను వ్యాపారస్తులను చేసే స్కీములో నా బిడ్డను తీసుకున్నారని తెలిసిన దినమున బంట్వారం బస్టాండులో ఎదురుపడిన ప్రతి మనిషికి చాయ్ తాగించినాను. డ్రైవరుకు, కండక్టరుకు కూడా. ఆ దినము తాండూరు బస్సు ఆలస్యమగుటకు నేనే కారణం.

నేను ఏడవ తరగతి వరకు చదివినాను. తాండూరులో బండల పాలిష్ పని చేసి, మోకాళ్లు మొరాయించినందున ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నాను. మా ఇంటిలో తాతల నాటి నుండి అందరూ ఒకరి కింద పని చేసినవారే. అటువంటి ఇంటి పిల్ల పేరు పప్పు కవరు మీద అచ్చయినది. ఖాళీ కవరు ఒకటి నా చొక్కా జేబులో ఎల్లప్పుడూ ఉండును. ఇంత సంతోషము ఇచ్చిన తమరే దానిని గుంజుకొనుట వలన ఈ క్రింది బాధలు మనవి చేసుకుంటున్నాను.

1. కందులు నానబెట్టి, ఎర్రమన్ను పట్టించి, ఎండకు ఆరబోసి, ఇసుర్రాయిలో పగలగొట్టుట మా అమ్మ పద్ధతి. అది నా భార్య రాహేలమ్మకు వచ్చినది, ఆమె నుండి నిరోషాకు వచ్చినది. ఆ పప్పు ఉడికితే పక్కింటివారు గిన్నె పట్టుకొని వస్తారు. మొదటిసారి తయారైన పప్పును కొత్తవారికి అమ్మి, వారి అభిప్రాయం తీసుకొని రావలెనని తమరి షరతు. శనివారం తాండూరు బస్టాండు ఎదుట కూర్చొని అమ్ముదునని నిరోషా ప్యాకెట్లు కట్టి మంచం కింద పెట్టినది. ఇంతవరకు ఎవరి తప్పూ లేదు.

2. ఆ శనివారానికి ముందు ఆదివారం మా చర్చిలో కోత పండుగ వచ్చినది. ఇంట్లో పండినది ఏదైనా మొదటిది దేవునికి తెచ్చి ఇచ్చుట, ఆరాధన అయినాక దానిని వేలం పాడుట మా సంఘములో ఆనవాయితీ. గుమ్మడికాయ, కోడిపుంజు, జొన్నలు, ఏదైనా సరే. పాడుకున్నవారు దానిని మళ్లీ దేవునికే ఇచ్చి మళ్లీ పాడించుట కూడా కలదు. నిరోషా కాలేజీ పని మీద వికారాబాద్‌లో ఉన్నది. నాకు సంతోషము ఆగలేదు. మంచం కింద ఉన్న ప్యాకెట్లన్నీ గంపలో పెట్టుకొని పోయినాను. ఒక్కటి కూడా ఇంట్లో ఉంచలేదు. దేవునికి ఇచ్చేటప్పుడు దాచుకొనుట మాకు తెలియదు.

అయ్యా, ఆ పాట తమరు చూడవలసినది! మోమిన్‌పేట నుండి చుట్టపు చూపుగా వచ్చిన రిటైర్డు డ్రైవరు మొగులప్ప ఒక ప్యాకెట్టు పాడి, మళ్లీ కానుకగా ఇచ్చి, మళ్లీ తానే పాడినాడు. “నిరోషా పప్పు! పాడుర్రి, పాడుర్రి!” అని పెద్దమనుషులు అరుస్తుంటే నేను ముందు వరుసలో నిలబడి ఏడ్చినాను. గంప ఖాళీ అయినది. పైసలన్నీ చర్చి పైకప్పుకు పోయినవి.

3. తరువాత తమ ఆఫీసు నుండి రచన మేడం గారు విచారణకు వచ్చినారు. మంచి మనిషి. మా ఇంట్లో అన్నం తిన్నారు.

“ఎవరికి అమ్మినవ్ నిరోషా?” అని అడిగినారు.

బిడ్డ నోరు తెరవకముందే నేను చెప్పినాను: “అన్నీ పోయినయ్ మేడం. ఒక్కటి మిగల్లే. కొన్నయితే రెండ్రెండు సార్లు పోయినయ్!”

“ఒకే ప్యాకెట్ రెండు సార్లా?”

“నాయినా, నువ్వు జర ఊకో,” అన్నది నిరోషా.

ఎట్లా ఊరుకుందును? పాట మొత్తం పాడి వినిపించినాను. మేడం గారు రాసుకొని పోయినారు. వారం లోపల ఉత్తర్వు వచ్చినది: కొన్నవారు పరిచయస్తులు, ధర బజారు ధర కాదు, సొమ్ము అభ్యర్థికి చేరలేదు, కావున అమ్మకములు లేవు. ఎగబడి కొన్న పప్పును ఎవరూ కొనలేదనుట ఏ న్యాయమో నాకు అర్థం కాలేదు.

4. అంతటితో ఆగక, నా బిడ్డను ‘వృత్తి అన్వేషణ’ అనే రెండవ గదిలోనికి పంపినారు. అక్కడ కంప్యూటరులో పరీక్ష పెట్టి, ఈ అమ్మాయి బట్టల షాపులో సేల్స్ పనికి బాగా సరిపోవును అని తేల్చినారు. ఒక గదిలో అమ్మడం రాదని, పక్క గదిలో అమ్మడమే వచ్చునని! అయ్యా, రెండు గదులకు నడుమ తలుపు లేదా?

5. ఇది ఆఫీసు బాధ కాదు గానీ రాయక తప్పదు. ఉత్తర్వు వచ్చిన నాటి నుండి నిరోషా నాతో మాట్లాడుట లేదు. కంచం ముందర పెట్టి పోవుచున్నది. “జర చెప్పరాదే దానికి,” అని రాహేలమ్మను అడిగితే, “నీ సంతోషం పాడుగాను, పిల్ల కష్టమంతా గంపకెత్తినవ్. నేనేం చెప్పాలె?” అన్నది. నేను దేవునికి ఇచ్చినది నాది కాదని అప్పుడు తెలిసినది. దేవుడు నన్ను క్షమించును, ఆయనకు అలవాటే. నా బిడ్డ సంగతి చెప్పలేను.

కావున పప్పు నిరోషాది, దానిని గంపకెత్తినది నేను. శిక్ష నాకు వేయుడు, చోటు నిరోషాకు ఇయ్యుడు. లేదా మళ్లీ పప్పు పట్టి అమ్ముకొనుటకు గడువైనా ఇప్పించుడు. ఈసారి మంచం దగ్గరికి నేను పోను. ఈ ముసలివాని మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
యాకోబు
(నిరోషా తండ్రి)

తా.క.: ఈ అర్జీతో పాటు తమరికి ఒక ప్యాకెట్టు పంపుదామని ఈ దినము పొద్దున బిడ్డను అడిగినాను. మళ్లీ పట్టిన పప్పు సంచిలోకి ఎత్తుకుంటున్నది. ఇన్ని దినముల తరువాత నాతో మొదటి మాట మాట్లాడినది: “ఊకె ఇయ్య నాయినా. సారుకైనా ఇయ్య. కావాలంటే కొనుక్కోమను.” పైసలిచ్చి ఒకటి నేనే కొన్నాను. చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టినది, జర నవ్వినది కూడా. కానీ నేను తండ్రిని, లెక్కలోకి రాను. అందుకని ఆ ప్యాకెట్టు తమరికి పంపకుండా ఇంట్లో వండించినాను. శనివారం తాండూరు బస్టాండు ఎదుట నిరోషా కూర్చొనును. తమరు మా చుట్టాలు కారు, మా సంఘస్తులు కారు. తమరు వచ్చి కొంటే లెక్కలోకి వచ్చును.