అన్నం వేళ ఫోను

వెర్రిబీ,
17 ఆగస్టు 2025, ఆదివారం.

గౌరవనీయులైన వదినగారు కాత్యాయని గారికి శేషుకుమారి నమస్కరించి రాసేది. ఇక్కడ మీ అబ్బాయి బాలమురళి గారు, మా భానుశ్రీ, మనవరాలు అపూర్వ, నేను క్షేమంగా ఉన్నాం. తెనాలిలో మీరూ అన్నయ్యగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. అన్నయ్యగారి మోకాలికి ఆ కొత్త నూనె ఏమైనా పనిచేసిందా? ఈ దేశంలో ఆగస్టంటే చలికాలమే, చలి ఇంకా తగ్గలేదు. గాలి మాత్రం తలుపులు ఊడదీసేట్టు వీస్తున్నది. మీరు నాటి వెళ్ళిన కరివేపాకు మొక్కను లోపల పెట్టాం, బతికింది.

ఫోనులో కనపడే మనుషులకు కాగితం మీద రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. ఈ ఇంట్లో ఎవరు ఫోను మాట్లాడినా స్పీకరు పెట్టి మాట్లాడతారు. నేను చెప్పదలచుకున్నది పిల్లల చెవిన పడటం నాకు ఇష్టం లేదు. మా వీధిలో ఉండే వైశాలి గురువారం బయలుదేరి తెనాలిలో పుట్టింటికి వస్తున్నది. ఈ ఉత్తరం ఆమె చేతికి ఇస్తాను.

సంగతి ఇది. అపూర్వ అన్నం వేళకు మీ ఫోను ఆగిపోయి రెండు వారాలైంది. మొన్న మీరు అల్లుడుగారితో, ఇదంతా మా వదిన పనేరా, ఆవిడకు గిట్టకే ఆపించి ఉంటుంది, అన్నారు. ఆయన నాతో చెప్పలేదు. స్పీకరులో నేనే విన్నాను. వంటింట్లో గిన్నెలు తోముతున్నాను.

నాకు గిట్టలేదన్న మాట నిజం. నేను ఆపించానన్నది మాత్రం నిజం కాదు. రెండూ వేరు వేరు సంగతులు కనుక రెండూ రాస్తాను.

ఈ పిల్లకు పురుడు పోసింది నేను. ఐదో నెల వచ్చేసరికి నా వీసా గడువు తీరింది. నేను వెళ్ళాను, మీరు వచ్చారు. అన్నప్రాశన మీ చేతుల మీద జరిగింది. పిల్ల తిండి నేర్చుకున్నది మీ దగ్గర. ఏప్రిల్లో మళ్ళీ నా వంతు వచ్చి దిగేసరికి దానికి నేను కొత్త మనిషిని. మూడు రోజులు నా చంకకు రాలేదు. నేను లాల పోసి సాంబ్రాణి పట్టిన పిల్ల, నన్ను చూసి వాళ్ళమ్మ వెనక దాక్కున్నది.

మీరు వెళ్ళాక ఈ ఫోను మొదలైంది. నేను పప్పన్నంలో నెయ్యి వేసి మెత్తగా కలుపుకుని కూర్చుంటాను. ఫోనును నెయ్యి సీసాకు ఆనించి పెడతారు. మీకు అక్కడ పొద్దున్నే. కాఫీ గ్లాసు పట్టుకుని మీరు అందులో ఆఁ అంటే పిల్ల నోరు తెరుస్తుంది. నేను ఆఁ అంటే తెరవదు. కలిపేది నేను, ఊదేది నేను, మూతి తుడిచేది నేను, తినిపించిన పేరు మీది. ఆఖరున పిల్ల మీకు ముద్దు పెడితే అద్దమంతా పప్పు మరక. అది తుడిచేదీ నేనే.

ఇది నాన్న ముద్ద, ఇది తాత ముద్ద, ఇది అత్త ముద్ద, ఇది నాయనమ్మ ముద్ద, ఇది పిట్టగోడ మీద పావురం ముద్ద అని మీరు వరసగా చెప్పేవారు. పావురానికి కూడా ముద్ద పెట్టారు వదినగారూ. ఎదురుగా చెయ్యి చాచుకుని కూర్చున్నదాన్ని నేను. అమ్మమ్మ ముద్ద అన్న మాట ఒక్కనాడూ మీ నోట రాలేదు. ఒకసారి నేనే, ఇది అమ్మమ్మ ముద్ద అంటూ పెట్టబోయాను. మీరు నవ్వి, అమ్మమ్మకు గిన్నె నిండా ఉందిలేమ్మా, ఇది మన పావురానిది, అన్నారు. మీకు గుర్తుండకపోవచ్చు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఒకనాడు నేను ఫోను బోర్లా పెట్టి నెట్టు పోయిందని చెప్పిన మాట కూడా నిజమే. పిల్ల ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చింది. భానుశ్రీ చెవులకు హెడ్‌ఫోన్లు తీయకుండానే పై గదిలోంచి దిగి వచ్చి, మీటింగ్‌లో ఉన్నానే అమ్మా, టీమ్ అంతా వింటోంది, వాట్ హ్యాపెండ్, అన్నది. ఫోను తిప్పి చూసి, నెట్ బానే ఉందిగా, అత్తయ్య కనపడుతున్నారుగా, అన్నది. మీరు అందులోంచి, మా వదినకు ఫోను నిలబెట్టడం చేతకాలేదులేమ్మా, అన్నారు. మీరు నన్ను ఆదుకున్నారో దెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక రెండో సంగతి. కిందటి నెలాఖరున పిల్లను కౌన్సిలు వారి నర్సు దగ్గరికి తీసుకువెళ్ళాం. ఇక్కడ పసిపిల్లల బరువు, ఎత్తు, మాటలు అన్నీ ఆవిడే చూస్తుంది. అన్నం పెట్టేటప్పుడు పిల్ల ముందు ఫోను వద్దని ఆవిడ చెప్పింది. పిల్ల తాను తినేది ఏమిటో చూసుకుంటూ తినాలట, ఇంట్లో అందరూ కలిసి కూర్చోవాలట. నర్సు మాట ఇది. ఇందులో నా ప్రమేయం లేదు.

ఆ రోజు నుంచి అన్నాల వేళకు అందరి ఫోన్లూ మైక్రోవేవు మీద పెడుతున్నాం. అల్లుడుగారు మొదట్లో, ఆఫీసు మెసేజ్ ఉంటుందత్తయ్యా, ఒక్క నిమిషం, అని నసిగారు. ఇదివరకు ఏం కూర తిన్నారంటే చెప్పలేకపోయేవారు. ఇప్పుడు చారు రెండోసారి అడిగి పోయించుకుంటున్నారు. రైల్లో ఎవరో ముసలాయన కోడిపుంజును బుట్టలో పెట్టుకుని ఎక్కాడని చెప్పి మొన్న మా అమ్మాయిని బాగా నవ్వించారు. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వడం నేను వచ్చాక అదే మొదలు.

పిల్ల తొలి రెండు రోజులు పెదవులు బిగించుకు కూర్చున్నది. మూడో రోజు ఆకలికి తిన్నది. మాటిమాటికి నెయ్యి సీసా వంక చూస్తుంటే ఆ సీసా తీసి అలమరలో పెట్టాను. ఇప్పుడు తన చేత్తో తానే కెలుక్కుంటున్నది. సగం కడుపులోకి, సగం జుట్టులోకి. అయినా తిన్నట్టే లెక్క.

ఫోనంటే నాకు పగ లేదు. సాయంత్రం నేనూ అందులో సీరియలు చూస్తాను. చూస్తూ అట్టు మాడ్చుకున్న రోజులున్నాయి. దేనికైనా వేళ ఉండాలంటాను.

కనుక మీరు ఆదివారాలు మాట్లాడండి. మధ్యలో మీ అబ్బాయిని ఇబ్బంది పెట్టకండి. ఆ వేళకు మీరు రోజూ ఫోను చార్జింగు పెట్టుకుని ఊరికే కూర్చుంటున్నారని అన్నయ్యగారు అన్నారు. మూడు నెలలు ఈ వంటింట్లో నేనూ అలాగే కూర్చున్నాను, చేతిలో ముద్ద పట్టుకుని.

అన్నయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. మందులు వేళకు వేసుకోండి.

ఇట్లు,
మీ వదిన
శేషుకుమారి

తా.క. బుధవారం. వైశాలి రేపు బయలుదేరుతున్నది. కవరు ఇంకా అంటించలేదు.

నిన్న సాయంత్రం భానుశ్రీ మన ఇద్దరి టికెట్లూ కొన్నది. దసరా వెళ్ళిన వారం నేను వెళ్ళాలి, మీరు రావాలి. మన వంతులు తెలిసినవే అయినా, తేదీ చూశాక ఈ ఉత్తరం కవరులోంచి బయటికి తీశాను.

నర్సు ఇంకో మాట కూడా అన్నది. భానుశ్రీ కారు తేవడానికి వెళ్ళినప్పుడు నేను వచ్చీరాని ఇంగ్లీషులో, ఫోన్, ఇండియా గ్రాండ్‌మా, అని అడిగాను. గ్రాండ్‌మా ఈజ్ ఫైన్, కార్టూన్ నో, అన్నది ఆవిడ. నాకు అర్థం కావాలని నెమ్మదిగా రెండుసార్లు చెప్పింది. నాకు మొదటిసారే అర్థమైంది. కారెక్కాక భానుశ్రీ, అయ్యో, అత్తయ్య కాల్ గురించి అడగడం మర్చిపోయానే, అంటే, అదీ వద్దన్నదమ్మా, అని చెప్పాను.

ఈ రాత్రి పిల్లలతో నిజం చెబుతాను. ఈ ఉత్తరం అందిన రోజు నుంచి మీరు ఎప్పటిలా చెయ్యండి. ఫోను నేనే నిలబెడతాను.

దసరా తరువాత అన్నం గిన్నె మీ ముందు ఉంటుంది, ఫోనులో నేను ఉంటాను. మా ఊళ్ళో డాబా మీద తప్ప సిగ్నలు అందదు. పొద్దున్నే ఎక్కి కూర్చుంటాను. ఎండెక్కకముందే చెయ్యండి.